కోళ్ల కొట్టానికి చలికాలంలో గచ్చు: కెనడా సలహాలు గార్లదిన్నెలో పనికొస్తాయా?

చింతచెట్టునీడ

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా గార్లదిన్నె మండలంలో ఒక పల్లె. ఇంటి వెనక 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున్న కోళ్ల కొట్టం ఉంది. మొలెత్తు ఇటుక గోడ, దాని పైన ఇనుప జాలీ, ఆపైన రేకులు. నేల మాత్రం మట్టిదే. పెద్ద కోళ్లు ముప్పై దాకా ఉంటాయి, అన్నీ నాటువే. పిల్లల లెక్క అడగకండి, అది పందికొక్కుల చేతిలో ఉంది.

ఆ పందికొక్కులతోనే నా గొడవ. సాయంత్రం గోడ వెలుపల గుల్లమట్టి కుప్ప కనిపించిందంటే తెల్లారేసరికి లోపల దాణా తొట్టి కింద బొరియ నోరు తెరుచుకుని ఉంటుంది. గాజుపెంకులు కూరాం, ముళ్లకంప కుక్కాం, నీళ్లు పోశాం. జానెడు పక్కకు జరిగి కొత్తది తవ్వుతాయి. పైగా అక్టోబరు వానలకు నేల చెమ్మ పట్టి, పరిచిన పొట్టంతా ముద్దయిపోయింది. పిల్లలు నెత్తురు రెట్టలు వేశాయి. పశువైద్యుడు కాక్సిడియోసిస్ అని చెప్పి మందు ఇచ్చారు. "మందు సరే, ముందు ఆ నేల సంగతి చూడండమ్మా" అని కూడా అన్నారు.

అందుకని గచ్చు వేద్దామనుకున్నాం. వీలైతే మేమే వేసుకుంటాం: నేను, మా ఆయన, పక్కింటి కుర్రవాడు. మేస్త్రీని అడిగితే "నువ్వు సిమెంటు మూటలు తెప్పించమ్మా, మిగతాది నేను చూసుకుంటా" అన్నాడు. ఆ మిగతాది ఏమిటో తెలుసుకుందామనే ఇక్కడ రాస్తున్నాను.

చిక్కు ఏమిటంటే, మా అల్లుడు కెనడాలో ఎడ్మంటన్ అనే ఊళ్లో ఉంటాడు. డిసెంబరులో కాంక్రీటు వేస్తున్నామని ఫోనులో చెప్పగానే కంగారు పడిపోయాడు. చలికాలంలో వేయకూడదట. వేస్తే నీళ్లు వేడిచేసి కలపాలట, కాల్షియం క్లోరైడు వేయాలట, గడ్డకట్టిన నేల మీద పోయకూడదట, పోశాక దుప్పట్లు కప్పాలట, కింద థర్మాకోల్ లాంటిది పరవాలట. ఇవేవీ కుదరకపోతే మే నెల దాకా ఆగమన్నాడు. మే నెలలో మా ఊళ్లో కాంక్రీటు సంగతి అటుంచి మనుషులే ఎండలో నిలబడలేరని అతనికి గుర్తులేదు. అతని ఊళ్లో జనవరిలో సున్నాకు 20 డిగ్రీల కిందకు పోవడం మామూలే కాబట్టి అతను చెప్పేది అక్కడికి సబబే. ఇక్కడ తెల్లవారుజామున ఒక దుప్పటి చాలు, పది గంటలకల్లా తల మీద కొంగు వేసుకోవాలి.

అయినా పెద్ద చదువు చదివినవాడు, ఊరికే అనడు కదా అని మా ఆయన పని ఆపేశారు. ఇప్పుడు చెప్పండి. మన చలి వల్ల గచ్చు పాడవుతుందా? ఎంత మందం వేయాలి, ఎన్ని మూటలు పడతాయి? ఇనుము వేయాలా? మా బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి, పనికొస్తాయా? సిమెంటు నేల కోళ్ల కాళ్లకు చల్లగా తగలదా? సంక్రాంతి దాటాక రెండు కోళ్లను పొదగేయాలని ఉంది, ఆ లోపల అయిపోవాలి.

బండలబజారు

అక్కా, తాడిపత్రిని పక్కన పెట్టుకుని కాంక్రీటు అంటారేమిటి? మా ఊళ్లో బండల పాలిష్ యూనిట్ల దగ్గర అంచు విరిగినవి, మూల పోయినవి గుట్టలుగా పడి ఉంటాయి. కొత్త బండల ధరలో చిన్న వంతుకే ట్రాక్టరు నింపుకుని పోవచ్చు. కింద ఇసుక పరిచి బండలు పేర్చి, సందుల్లో సిమెంటు పాలు పోస్తే పని అయిపోయింది. మూటలు లేవు, కలపడం లేదు, చలి లేదు, ఎండ లేదు. రేపు కొట్టం తీసేస్తే బండలు పీక్కుని ఇంటి ముందు పరుచుకోవచ్చు. కాంక్రీటును పీక్కుని ఎక్కడికి పోతారు?

మా పెద్దమ్మ ఇంట్లో గొర్రెల దొడ్డికి ఇలాగే పరిచారు. నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

రసమట్టం

నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను, కడపలో ఉంటాను. కాలువ లైనింగు పనుల్లో జీవితమంతా కాంక్రీటుకు నీళ్లు పట్టించడంతోనే సరిపోయింది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండమ్మా.

చలి సంగతి ముందు తేల్చేద్దాం. మన దేశంలో కాంక్రీటు పనులకు ఐఎస్ 7861 అని ఒక ప్రమాణం ఉంది. అందులో మొదటి భాగం ఎండలో పనికి, రెండో భాగం చలిలో పనికి. చలి పని అంటే గాలి వేడి సుమారు 5 డిగ్రీలు, అంతకన్నా తక్కువ ఉన్నప్పుడు చేసేది. ఎండ పని అంటే 40 డిగ్రీలు దాటినప్పుడు. డిసెంబరు రాత్రి అనంతపురంలో 15 నుంచి 18 డిగ్రీలు ఉంటుంది, పగలు 30కి దగ్గరగా పోతుంది. అంటే మీకు రెండో భాగం ఎప్పుడూ అక్కర్లేదు, మొదటి భాగం మాత్రం మే నెలలో ఖాయంగా కావాలి. మీ అల్లుడుగారు చెప్పిన ప్రతి జాగ్రత్తా కాంక్రీటులోని నీరు మంచుగా మారి ఉబ్బకుండా చూసేందుకే. ఇక్కడ నీరు మంచు కాదు, ఆవిరవుతుంది. మన చలికాలం ఇబ్బంది అదే. వాన ఉండదు, గాలిలో తేమ ఉండదు, పగలంతా పొడిగాలి వీస్తుంది. పోసిన రెండు మూడు గంటల్లో పైన తడి ఆరిపోయి, లోపల ఇంకా మెత్తగానే ఉంటే పైపొర బిగుసుకుని వెంట్రుక పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలో రెట్ట చేరుతుంది, పురుగు చేరుతుంది.

కాల్షియం క్లోరైడు ఊసే వద్దు. చలిలో త్వరగా గట్టిపడాలని వేసే మందు అది. మీకు ఆ తొందర లేదు.

ఇప్పుడు కింది నేల. గచ్చు పగిలిందని సిమెంటును తిట్టేవాళ్లే ఎక్కువ, కింద మట్టి దిగిందని చూసేవాళ్లు తక్కువ. మీది ఎర్రనేల కాబట్టి అదృష్టవంతులు. కొట్టంలో పైన అర అడుగు మట్టి తీసేయండి. ఏళ్ల తరబడి రెట్ట కలిసిన మట్టి అది, దాని మీద గచ్చు నిలవదు. చెట్లకు వేయండి, కరివేపాకు బాగా వస్తుంది. ఆ గుంతలో మొరం పోసి, ఒక్కసారిగా కాకుండా మూడేసి అంగుళాల పొరలుగా, ప్రతి పొరకూ నీళ్లు చల్లి దిమ్మిస కొట్టండి. మొత్తం 9 అంగుళాలు గట్టిపడ్డ మొరం రావాలి. ఒక ట్రాక్టరుకు అటూ ఇటూగా పడుతుంది. దిమ్మిస చాలిందా లేదా అన్నది మడమతో తెలుసుకోవచ్చు: ఒంటికాలి మీద బరువంతా వేసి మడమ తిప్పితే గుర్తు పడకూడదు. దాని మీద 3 అంగుళాల గచ్చు వేస్తే మీ నేల బయటి నేలకన్నా అర అడుగు ఎత్తుకు వస్తుంది. వాననీరు లోపలికి రాదు.

మీరు మందం అడిగారు. కోళ్లకు, మధ్యమధ్య తోపుడు బండికి 3 అంగుళాలు చాలు. లెక్క ఇదీ: 12 అడుగులు, 10 అడుగులు, పావు అడుగు మందం, మొత్తం 30 ఘనపుటడుగులు. పొడిగా కొలిచిన సరుకు కలిపి దట్టిస్తే తగ్గిపోతుంది కాబట్టి 1.54తో హెచ్చవేయాలి, సుమారు 46 వస్తుంది. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర. ఒక మూట అంటే 1.25 ఘనపుటడుగులు. ఆ లెక్కన అయిదున్నర మూటల లోపు సిమెంటు, 13 అడుగుల ఇసుక, 26 అడుగుల కంకర పడతాయి. వృథాకు కలిపి ఆరు మూటలు తెప్పించుకోండి. నాలుగు అంగుళాలు వేస్తే మూటలు ఏడు దాటుతాయి. ఆ మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో కింద చెబుతాను.

తట్టలతో కొలవకండి. ఒకడి తట్ట నిండుగా ఉంటుంది, ఇంకొకడిది సగం ఉంటుంది. లోపలి కొలత 14 అంగుళాల పొడవు, 14 వెడల్పు, 11 ఎత్తు ఉండేలా పాత చెక్కలతో అడుగు లేని పెట్టె కొట్టించండి. అది సరిగ్గా ఒక మూట సిమెంటుకు సమానం. మూటకు రెండు పెట్టెల ఇసుక, నాలుగు పెట్టెల కంకర. ఇసుక తడిగా ఉంటే ఉబ్బి పెట్టె నిండినట్టు కనిపిస్తుంది, అలాంటప్పుడు ఒక పావు ఎక్కువ వేయండి. చేత్తో కలిపేవాళ్లు ఒక్కసారికి అరమూటకు మించి పెట్టుకోవద్దు, నడుములు పడిపోతాయి. పొడిగా ఉన్నప్పుడే రంగు ఒక్కటయ్యేదాకా మూడుసార్లు తిరగేసి, ఆ తరువాతే నీళ్లు.

ఆ నీళ్ల దగ్గరే మీ మేస్త్రీ చెప్పిన "మిగతాది" ఉంది. సులువుగా జారాలని బకెట్లు గుమ్మరిస్తారు. ఈ పాళ్లకు మూటకు 32 లీటర్లు దాటకూడదని ఐఎస్ 456 అనే ఇంకో కాంక్రీటు ప్రమాణం చెబుతుంది, నా చేతిలో ఉంటే 27 దగ్గర ఆపుతాను. ఇసుకలో తడి ఉంటే ఇంకా తక్కువే. పారతో తీసి కుప్ప వేస్తే పరుచుకోకుండా నిలబడాలి, తాపీతో తడితే పైకి పాలు రావాలి.

ఇనుము వద్దు. గట్టిగా దిమ్మిస కొట్టిన నేల మీద ఇంత చిన్న గచ్చుకు ఇనుము చేసేదేమీ లేదు. ఇనుము లేదు కాబట్టి మీ ఉప్పునీళ్ల భయం కూడా తగ్గింది. అదే ప్రమాణంలో ఇనుము ఉన్న కాంక్రీటుకు లీటరు నీటిలో క్లోరైడు 500 మిల్లీగ్రాములు మించరాదని ఉంటే, ఇనుము లేనిదానికి 2000 దాకా ఒప్పుకున్నారు. ఇంట్లో వంటకు వాడే నీళ్లయితే ఆలోచించకుండా కలపండి. నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా ఉంటే కలపడానికి ఒక ట్యాంకరు తెప్పించుకోండి.

ఒక్కరోజులో మొత్తం పోయాలని చూడకండి. పొడవు మధ్యలో, 6 అడుగుల దగ్గర అడ్డంగా ఒక బద్ద నిలబెట్టి, ఒకరోజు సగం, మరునాడు మిగతా సగం. ముగ్గురికి అదే తగిన పని. ఆ సందు వల్ల ఇంకో లాభం కూడా ఉంది, గచ్చు ముడుచుకున్నప్పుడు చీలిక అక్కడే వస్తుంది, నడిమధ్య వంకరగా రాదు. పని పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి పదకొండుకల్లా పోయడం ఆపేయండి. మధ్యాహ్నం మొదలుపెడితే, చలికాలం కాబట్టి గట్టిపడడం ఆలస్యమై, టార్చిలైటు వెలుతురులో రుద్దుకుంటూ కూర్చోవాలి. పోసే ముందు మొరం మీద నీళ్లు చల్లి తడిపి ఉంచాలి, లేకపోతే ఆ పొడిమట్టి కాంక్రీటులోని నీళ్లు తాగేస్తుంది.

వాలు మరిచిపోవద్దు. వెనక గోడ నుంచి తలుపు వైపు, 10 అడుగులకు 2 అంగుళాలు. నీళ్లు నింపిన సన్నటి పారదర్శక గొట్టంతో రెండు గోడల మీదా మట్టం గుర్తు పెట్టుకుని, తలుపు వైపు గీతను రెండు అంగుళాలు దించి గీయండి. పోసిన కాంక్రీటును బద్దతో మట్టంగా లాగాక పైన తేలిన నీళ్లు వాటంతట అవి పోయేదాకా ముట్టుకోకూడదు. బొటనవేలితో నొక్కితే గుర్తు పడాలి, వేలికి అంటకూడదు. అప్పుడు చెక్కతో రుద్దండి, ఇనుప తాపీతో అద్దంలా మెరిపించకండి. ఇంటి గచ్చులా నున్నగా చేస్తే కోడిపిల్లలకు కాళ్లు జారి తొడలు విడిపోతాయి. నీళ్లు త్వరగా పీల్చాలని పొడి సిమెంటు చల్లే అలవాటు మన మేస్త్రీలకు ఉంది. కుర్రవాడి చేతికి ఆ మూట అందకుండా చూసుకోండి. అలా చల్లిన పొర ఏడాది తిరక్కుండా పెచ్చులుగా లేస్తుంది, పార తగిలిన ప్రతిసారీ పిండి రాలుతుంది.

చివరిది, అన్నిటికన్నా పెద్దది, తడపడం. మీకు దుకాణంలో దొరికేది ఎక్కువగా పీపీసీ, అంటే బూడిద కలిపిన సిమెంటే. దానికి తక్కువలో తక్కువ 10 రోజులు తడి ఆరకూడదు, 14 రోజులైతే ఇంకా మంచిది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి బకెట్టు విసిరేసి తడిపామనుకుంటారు. మధ్యాహ్నం రెండింటికి వెళ్లి చేయి పెట్టి చూస్తే పొడిగా ఉంటుంది.

తాడిపత్రి తమ్ముడూ, బండల మీద నాకు కోపం లేదు. కానీ ఇసుక మీద పేర్చిన బండ కింద పందికొక్కుకు ఇల్లు కట్టించి ఇచ్చినట్టే, తవ్వడానికి ఇసుకకన్నా మెత్తనిది ఏముంది? గొర్రెల దొడ్డిలో దాణా గింజలు రాలవు కాబట్టి మీ పెద్దమ్మ బండలు నిలిచాయి. అయితే ఈ పనిలో బండకూ చోటుంది. అమ్మా, మీరు గచ్చు వేసినా పందికొక్కు గోడ పునాది కింద నుంచి దూరి గచ్చు అడుగున గుల్ల చేస్తుంది. పైకి ఏమీ తెలియదు, ఒకరోజు గచ్చు కూలుతుంది. అందుకని కొట్టం చుట్టూ గోడకు ఆనించి బయట అడుగున్నర లోతు సన్న కాలువ తవ్వి, తాడిపత్రి ముక్కబండలు నిలువుగా దింపండి. మన పొలాల గట్ల మీద బండలు నిలబెట్టి కంచె వేసుకోమా, అదే పని నేల లోపల. బండకూ బండకూ మధ్య సందులో కాంక్రీటు కూరండి. మూటల్లో మిగిలిన డబ్బు ఇక్కడ పెట్టండి.

మైదుకూరు నాటుకోడి

రసమట్టంగారు నేల సంగతి చెప్పారు. కాళ్ల సంగతి నేను చెబుతాను, నాకు గచ్చు కొట్టంలో నాటుకోళ్లు ఉన్నాయి.

అక్కా, కోడి గచ్చు మీద నిలబడదు, పొట్టు మీద నిలబడుతుంది. గచ్చు చల్లగా ఉందా అన్న ప్రశ్న పొట్టు పలుచగా వేసినవాళ్లకే వస్తుంది. చలికాలంలో 4 నుంచి 6 అంగుళాలు వేయండి. రెట్ట కలిసి పొట్టు మెల్లగా మాగుతూ ఉంటే దానికదే కొంచెం వెచ్చగా ఉంటుంది. వారానికి రెండుసార్లు పార పెట్టి కింద మీద చేయాలి. తడి చూడాలంటే గుప్పెడు తీసి గట్టిగా పిసికి వేళ్లు తెరవండి. ముద్ద అలాగే నిలిస్తే తడి ఎక్కువ, వెంటనే సున్నం కొంచెం కలిపి తిరగేయాలి. తెరవగానే మెల్లగా విడిపోతే సరిగ్గా ఉంది. ముద్దే కట్టకపోతే మరీ పొడి, దుమ్ము లేచి కోళ్లకు తుమ్ములు వస్తాయి.

మీ వైపు వేరుశనగ పొట్టు ఊరికే దొరుకుతుందని తెలుసు. వాడండి, మంచిదే, నీళ్లు బాగా పీలుస్తుంది. కానీ మిల్లు వెనక వానకు తడిసిన కుప్ప నుంచి మాత్రం తేవద్దు. చేతిలోకి తీసుకుని ఒక డొల్ల విరిచి లోపలి వైపు చూడండి. బూడిద రంగో పచ్చగానో నూగు కనిపించినా, ముక్కు దగ్గర పెడితే పాత గోనెసంచి వాసన వచ్చినా వదిలేయండి. ఆ బూజు పొడి పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతే అవి నోరు తెరిచి ఎగశ్వాసతో చచ్చిపోతాయి, దానికి మందు లేదు. కొత్త పొట్టైనా ఎండలో పరిచి ఆరబెట్టాకే లోపలికి. మా దగ్గర కేసీ కాలువ కింద వరి పండుతుంది కాబట్టి నేను ఊక వాడతాను.

పశువైద్యుడు చెప్పిన జబ్బు తెచ్చే కాక్సిడియా అనే పేగు పరాన్నజీవి గురించి ఒక మాట. గచ్చు వేస్తే ఆ జబ్బు పోతుందని కాదు. దాని గుడ్లకు ఫినాయిల్ లాంటివి పెద్దగా పని చేయవు, తడి లేకపోవడం, ఎండ వేడి, ఇవే వాటికి పడనివి. మట్టినేలను గీకి ఆరబెట్టలేము, గచ్చును గీకి కడిగి ఆరబెట్టగలము. ఆ ఒక్క తేడా కోసమే నేను గచ్చు వేయించాను.

కొత్త గచ్చు మీద తొందరపడి పొట్టు పరచకండి. తడపడం ఆపాక అది లోపలి నీళ్లను చాలా రోజులు వదులుతూనే ఉంటుంది. మూరెడు పాలిథిన్ ముక్క గచ్చు మీద పరిచి నాలుగు అంచులా టేపు అంటించి రాత్రంతా ఉంచండి. పొద్దున తీసి చూస్తే లోపలి వైపు నీటిబొట్లు ఉన్నా, గచ్చు నల్లబడినా ఇంకా ఆగాలి. నా లెక్కన పోసినప్పటి నుంచి నాలుగు వారాలు పెట్టుకోండి. అంటే సంక్రాంతి తరువాత పొదగేస్తే, 21 రోజులకు పిల్లలు దిగేసరికి నేల సిద్ధంగా ఉంటుంది, మీరేమీ కంగారు పడక్కర్లేదు.

కోళ్లు పడుకునే దండెం రెండడుగుల ఎత్తు మించకుండా పెట్టండి. మట్టినేల మీద దూకితే అంత దెబ్బ తగలదు. గచ్చు మీద బరువైన పుంజు రోజూ దూకితే అరికాలు చితికి గడ్డ కడుతుంది. దండెం కింద పొట్టు మిగతా చోట్ల కన్నా మందంగా ఉండాలి.

తల్లి కింద పెరిగే పిల్లలకు బల్బు అక్కర్లేదు. ఇంక్యుబేటరు పిల్లలైతే మొదటి వారం 35 డిగ్రీలు, ఆపైన వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ రండి. థర్మామీటరు లేకపోయినా పరవాలేదు, బల్బు కింద కుప్పగా చేరితే చలి, దూరంగా గోడకు అతుక్కుంటే వేడి. రాత్రి జాలీకి గోనెపట్టలు కట్టండి కానీ పైన ఒక అడుగు వదలండి. చలి అని మొత్తం మూసేస్తే రెట్ట ఘాటుకు కళ్లు మండి నీళ్లు కారతాయి, కోళ్లకే కాదు, మీకు కూడా.

చింతచెట్టునీడ

అందరికీ చాలా కృతజ్ఞతలు. మా ఆయనకు మొత్తం చదివి వినిపించాను. ముక్కబండల మాట రాగానే లేచి చొక్కా వేసుకుని తాడిపత్రికి బయలుదేరబోయారు, తమ్ముడూ, మీ ఊరి మీద అంత నమ్మకం.

రసమట్టం అన్నా, రెండు సందేహాలు. మా మోటారుకు కరెంటు పగలు కొన్ని గంటలే ఉంటుంది, అది కూడా చెట్లకు కట్టాలి. పది రోజులు తడి ఆరకుండా ఉంచాలంటే ఎన్ని నీళ్లు కావాలి? రెండోది, గోడ అడుగున గచ్చు కలిసే చోట ఎప్పుడూ సన్న సందు పడుతుంది. మా వంటింట్లో కూడా అక్కడి నుంచే చీమలు వస్తాయి. దానికేమిటి ఉపాయం?

ఇంకోటి కూడా అడగాలి, నవ్వకండి. పని జరిగే ఇన్ని రోజులు కోళ్లను ఎక్కడ పెట్టాలి?

రసమట్టం

నీళ్లు మీరనుకున్నంత అక్కర్లేదమ్మా. 120 చదరపు అడుగుల మీద అంగుళం ఎత్తు నీళ్లు నిలపాలంటే 10 ఘనపుటడుగులు, అంటే 280 లీటర్ల చిల్లర. ఒకటిన్నర డ్రమ్ము. కానీ మీ గచ్చుకు వాలు ఉంది కాబట్టి నీళ్లు తలుపు వైపే చేరతాయి. మట్టిగట్లు కట్టి మళ్లుగా విడదీయవచ్చు, అది మా కాలువల అలవాటు. మీకు ఇంకా సులువైనది ఉంది. మరునాడు పొద్దున, వేలిగుర్తు పడని స్థితికి వచ్చాక, గచ్చంతా గోనెసంచులు పరిచి బాగా తడిపి, పైన పాలిథిన్ పట్ట కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టండి. గాలి దూరకూడదు. అలా చేస్తే రోజుకు నాలుగైదు బిందెలతో సరిపోతుంది. పోసిన రోజు కూడా రుద్దడం అయ్యాక పట్టను గచ్చుకు తగలకుండా ఇటుకల మీద ఎత్తి కప్పండి, ఆ మొదటి మధ్యాహ్నం గాలే పగుళ్లు తెచ్చేది.

గోడ మూలకు: గచ్చు పోసిన రెండో రోజు, ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే, ఒక పాలు సిమెంటు మూడు పాళ్లు ఇసుకతో గుల్ల లేకుండా మూల పొడవునా గుండ్రటి అంచు తీయండి. మేస్త్రీలు సీసా అడుగుతో రుద్దుతారు, లోపలికి వంపు తిరుగుతుంది. గోడను ముందు రోజు జానెడెత్తు వరకు గీకి తడిపి ఉంచాలి, లేకపోతే పట్టదు. అప్పుడు పార పెట్టి గీకినా మూలన రెట్ట మిగలదు. మధ్య సందులో మాత్రం సిమెంటు పెట్టకండి, మళ్లీ చీలుతుంది. నెల తరువాత డాంబరు కరిగించి పోయండి.

తలుపు దగ్గర వాలు చివర రెండంగుళాల గొట్టం పెట్టి నీళ్లు బయటికి పోయేలా చేసుకోండి. దాని నోటికి జాలీ బిగించడం మరిచిపోతే ఇంత పనీ చేసి పందికొక్కుకు వాకిలి తెరిచినట్టే.

కోళ్ల మకాం గురించి మైదుకూరువారు చెప్పాలి. నాకు కాంక్రీటు తప్ప తెలియదు.

మైదుకూరు నాటుకోడి

పగలు వాటి పాటికి వదిలేయండి. రాత్రిళ్లు గంపల కింద మూసి పైన రాయి పెట్టండి, వాకిట్లో కాదు, పంచలో, గోడ వారగా. టమాటా పండించేవాళ్ల దగ్గర జాలీ క్రేట్లు ఉంటే ఇంకా మంచిది. మార్చిన మొదటి వారం గుడ్లు తగ్గుతాయి, మళ్లీ అవే వస్తాయి. ఒక్క జాగ్రత్త: తడి గచ్చు మీదికి ఒక కోడి దూరినా చాలు, పొద్దున గీకి గీకి అచ్చులు వేసి పెడుతుంది. కొట్టం తలుపుకు కింద సందు లేకుండా బండ అడ్డం పెట్టండి.

కోవెలకుంట్ల రేగడి

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మాది నల్లరేగడి. ఇదే పద్ధతి మా దగ్గర కుదురుతుందా? పోయిన ఏడాది మా వీధిలో ఒకరు ఇంటి ముందు గచ్చు వేస్తే వేసవికి అరచేయి పట్టేంత నెర్రె ఇచ్చింది.

రసమట్టం

అదే పద్ధతి కుదరదు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మీరు చలికాలంలో వేస్తే నేల ముడుచుకుంటున్నప్పుడు వేసినట్టు, వానకాలం రాగానే అది కింద నుంచి గచ్చును ఎత్తుతుంది. అనంతపురం ఎర్రనేలలో అర అడుగు తీసిన చోట మీరు రెండడుగులైనా తీసి, ఆ లోతంతా మొరంతో నింపి దిమ్మిస కొట్టాలి. గోడ బయట నాలుగడుగుల వెడల్పున వాలుగా బండలు పరిచి వాననీరు పునాది దగ్గర ఇంకకుండా చేయాలి. అంత ఖర్చు ఒక కోళ్ల కొట్టానికి దండగ అనిపిస్తే, మీకు నా సలహా గచ్చు కాదు. బండలబజారు తమ్ముడు చెప్పిందే చేయండి, ఇసుక బదులు రాతిపొడి మీద బండలు పరిచి, సందులు పట్టించకుండా వదిలేయండి. నేల కదిలినప్పుడు బండలు కూడా కదులుతాయి, ఎత్తి మళ్లీ సర్దుకోవచ్చు. పందికొక్కులకు మాత్రం చుట్టూ నిలువు బండలు తప్పవు, మీకైతే రెండడుగుల లోతు.

ముందు కొట్టం పక్కన ఒక గుంత తవ్వి చూడండి. కొన్నిచోట్ల మీ వైపు రేగడి కింద రెండు మూడు అడుగుల్లోనే సుద్దమట్టి తగులుతుంది. అక్కడికి చేరితే పని సగం తగ్గుతుంది. ఎంత లోతులో తగిలిందో ఇక్కడ రాయండి, మొరం లెక్క కట్టి ఇస్తాను.